మసిగుడ్డ మీద వీరుడు

మా పుట్టింట్లో మసిగుడ్డలన్నిటికీ ముఖాలు ఉండేవి. అన్నం గిన్నె దించాలన్నా, దోసె పెనం తుడవాలన్నా, వాన జల్లు కొట్టినప్పుడు కిటికీ కింద పరచాలన్నా అమ్మ చేతికి వచ్చే గుడ్డ మీద ఒక జపాను కుర్రవాడు ఉండేవాడు. పెద్ద పెద్ద కళ్లు, గాలికి లేచిన జుట్టు, కుడి చేతిలో పొట్టి కత్తి, ఎడమ చేయి ఖాళీ. ఉతికి ఉతికి వాడి ముఖం పాలిపోయింది గానీ గుడ్డ చిరగలేదు. పిల్లల చొక్కాల కోసం తెప్పించిన మంచి నూలు గుడ్డ అది. ఈమధ్య అమ్మ కాడుగోడిలో మా ఇంటికి వచ్చినప్పుడు వాటిలో మిగిలినవి మూటకట్టి తెచ్చింది. "మెత్తగా ఉండాది, పారేసేదానికి మనసు రాలే. వాడుకో" అంది. నాలుగేళ్ల నా కూతురు తార ఆ మూట విప్పి, ఒక గుడ్డ నేల మీద పరిచి, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వాడు దానికి బాగా తెలిసినవాడే. దాని నీళ్ల సీసా మీద వాడే, బడి సంచీ మీద వాడే, టీవీలో వాడే, వాళ్ల నాన్న ఫోనులోని ఆటలో వాడే. "అమ్మా, వీడి లాంతరు ఏది? ఎవరు తీసేసుకున్నారు?" అని అడిగింది. కాసేపు చూసి, "కత్తి కూడా రాంగ్ చేతిలో ఉంది. వాడిది ఈ చేయి" అంటూ తన ఎడమ చేయి ఎత్తి చూపింది.

అమ్మ ఆ చేతిని చూసింది. ఆ పూటంతా చూస్తూనే ఉంది. తార ఎడమ చేత్తో చెంచా పట్టుకోవడం, ఎడమ చేత్తో గోడ మీద గీతలు గీయడం, ఎడమ చేత్తో చెప్పు తొడుక్కోవడం. దాన్ని పడుకోబెట్టి వచ్చాక నా పక్కన కూర్చుని, "దీనికీ అదే చెయ్యా పాపా?" అంది. అవునన్నాను. "చిన్నప్పుడే కుడికి తిప్పల్ల. పెద్దదైతే కష్టం." వద్దమ్మా, తమ్ముడు సోముకు చేసింది చాలు అన్నాను. కానీ మరునాడు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి తార చెంచా కుడి చేతిలో ఉంది, అమ్మ దాని ఎడమ చేతిని తన ఒళ్లో మెత్తగా పట్టుకుని కథ చెబుతోంది. అప్పటినుంచి నాకు ఒకటే భయం. నా బిడ్డ చేతిని నా వాళ్లే, ప్రేమగా, నేను చూడని క్షణాన తీసేసుకుంటారని. పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్న ఈ నాలుగు ముక్కలూ ఆ భయంలోంచి వచ్చినవే.

మా ఇల్లు చిక్కపేటలో రెండు చీరల అంగళ్ల మధ్య సందులో ఉండేది. మెట్రో ఇంకా రాని రోజులు. తెల్లవారకముందే తోపుడుబండ్లు మొదలయ్యేవి. బేళ్లు మోసే హమాలీలు "దారి బిడి, దారి బిడి" అని జనాన్ని తప్పుకోమంటూ అరుచుకుంటూ పోతుంటే ఆ కేకలకే మాకు మెలకువ వచ్చేది. తాతల కాలంలో మాది మగ్గం. మగ్గం పోయాక నాయన గుడ్డల మీద బొమ్మలు అచ్చువేసే పని పెట్టుకున్నాడు. కింద అంగడి, మధ్య అంతస్తులో అచ్చు గది, పైన మేము. పైకి వచ్చే మెట్ల మీద రంగుల వాసన, థిన్నరు వాసన ఎప్పుడూ నిలబడి ఉండేవి. దాని మీద అవ్వ వేసే సాంబ్రాణి, దాని మీద అమ్మ పోపు. ఇప్పటికీ ఎక్కడైనా గోడలకు రంగు వేస్తుంటే నాకు ఆకలేస్తుంది.

అవ్వ అంటే నాయన తల్లి. అంగడి పెట్టె దగ్గర నాయన కూర్చున్నా, అంగడి మాత్రం అవ్వదే. పొద్దున కింద దీపం వెలిగించేది ఆమె. మొదటి బేరం బోణీ ఆమె చేతిలో పడాలి. కుడి చేయి చాచి తీసుకుని, కళ్లకద్దుకుని, పెట్టెలో వేసేది. ఆ తరవాతే ఇంట్లో ఎవరికైనా కాఫీ. ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడి చేత్తోనే జరగాలన్నది మా ఇంట్లో నియమం కూడా కాదు, ఊపిరి లాంటిది. అలాంటి ఇంట్లో నా తమ్ముడు సోము ఎడమచేతివాటంతో పుట్టాడు. రేపు అంగట్లో కూర్చుని బేరగాళ్లకు ఎడమ చేత్తో సరుకు అందిస్తాడా అన్నది అవ్వ దిగులు. అందుకని అన్నం దగ్గర కూర్చోగానే చీర అంచు పేలికతో వాడి ఎడమ మణికట్టును మొలతాడుకు కట్టేసేది. వాడు కుడి చేత్తో సంగటి ముద్ద తుంచలేక, పులుసు ఒంటి మీద పోసుకుంటుంటే ఆమే ముద్దలు చేసి నోట్లో పెట్టేది. రాత్రి కట్టు గుర్తు మీద కొబ్బరినూనె రాసి, ఊదుతూ, "నా బంగారప్పా, రేపు బాగా తిందువులే" అనేది. అవ్వ చెడ్డది అని చెప్పగలిగితే నాకు ఇదంతా రాయడం సులభంగా ఉండేది.

వాడు అప్పట్లో ఇంట్లోకెల్లా వాగుడుకాయ. అవ్వ నడకను, పక్క అంగడి సేటు దగ్గును, హమాలీల కేకలను వాళ్ల ఎదుటే అనుకరించి తిట్లు తినేవాడు. నోరు ఎంత చురుకో చేయి అంతకంటే చురుకు.

ఆ రోజుల్లోనే టోకు చొక్కాల వ్యాపారి ఒకాయన నాయనకు ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఆయన బావమరిది ఓడ మీద పనిచేస్తూ జపాను రేవులో కొన్నాడట. లావుగా, ముతక కాగితంతో, మొదటినుంచి చివరిదాకా బొమ్మలే. అలాంటి వాటిని మాంగా అంటారని మాకెవరికీ తెలియదు. బడులు తెరిచేలోగా దాంట్లోని పిల్లవాడి బొమ్మతో చొక్కాలు కావాలన్నాడు ఆయన. వాడి కథ టీవీలో రాబోతోందని, వస్తే పిల్లలు ఎగబడతారని ఎవరో చెప్పారట. ఒకరి బొమ్మ వేసుకోవాలంటే వాళ్ల అనుమతి కావాలన్న ఆలోచన ఆ సందులో ఎవరికీ వచ్చినట్టు లేదు.

నేనూ సోమూ ఆ పుస్తకాన్ని మన పుస్తకాల్లాగే ఎడమ వైపు అట్ట తెరిచి చదివాం. మేము చదివిన కథలో ఒక పిల్లవాడు ఒంటరిగా పడవలో కూర్చుని ఏడుస్తుంటాడు. పేజీలు తిప్పేకొద్దీ మునిగిన ఊరు నీళ్లలోంచి పైకి లేస్తుంది, చచ్చిపోయినవాళ్లు బతుకుతారు, ఆఖరున వాడూ వాడి చెల్లెలూ వాకిట్లో కూర్చుని అన్నం తింటారు. ఎంత మంచి కథ అనుకున్నాం. సోముకే ఒకరోజు అనుమానం వచ్చి అటువైపు నుంచి, కుడి వైపు అట్ట తెరిచి తిప్పడం మొదలుపెట్టాడు. చదివి, నా దగ్గరికి వచ్చి, "అక్కా, మనం తిరగేసి చదివినాం. చెల్లెలు చచ్చిపోతాది" అన్నాడు. ఆ చెల్లెలి ప్రాణం లాంతరులో వెలుగై నిలబడుతుంది. వాడు దాన్ని కుడి చేతిలోంచి ఎప్పుడూ దించడు. అందుకే కత్తి ఎడమ చేతికి వచ్చింది. అక్షరం తెలియకపోయినా బొమ్మల్లో అంతా ఉంది.

అచ్చు వేయాలంటే ముందు బొమ్మను పలుచటి ట్రేసింగ్ కాగితం మీద నల్ల ఇంకుతో ఎత్తి గీయాలి. నాయన గీత వణికేది. సోము గీత వణకదు. "సోమూ, చెయ్యి కడుక్కోని రాప్పా" అని నాయన మధ్య అంతస్తులోంచి పిలిచేవాడు. వాడు పరిగెత్తేవాడు. తలుపు గడియ పెట్టి, బల్ల కింద బల్బు వెలిగించి, కాగితం పరిచి, కుంచె వాడి ఎడమ చేతికే ఇచ్చేవాడు నాయన. పైన అన్నం దగ్గర పనికిరాని చేయి కింద అచ్చు గదిలో పనికొచ్చేది. ఇందులో ఎవరికీ ఏ తప్పూ కనబడలేదు. గీసేటప్పుడు వాడు నాలుక కొద్దిగా బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, జుట్టు పోగులన్నీ ఒక్కొక్కటే లాగేవాడు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. వాడు అంత సుఖంగా ఉండగా నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

కాగితం ఆరాక నాయన దాన్ని అవ్వకు చూపించాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"పుర్రచేత్తో కత్తి పట్టినోని బొమ్మ బిడ్డల రొమ్ముల మీద వేస్తావా? ఎవరన్నా కొంటారా దాన్ని?"

"జపానోళ్ల బొమ్మమ్మా. వాళ్లట్లే గీసినారు."

"గీసుకోనీలే. మన అంగట్లో తిప్పు."

ట్రేసింగ్ కాగితానికి అది పెద్ద పని కాదు. బోర్లిస్తే చాలు, ఎడమ కుడి అవుతుంది. నాయన బోర్లించాడు. అవ్వ మళ్లీ చూసి నొసలు కొట్టుకుంది. "అయ్యో రాత, ఇప్పుడు దీపం పుర్రచేతికి పాయె కదప్పా. దీపం ఎవరన్నా ఆ చేత్తో పట్టుకుంటారా?"

నాయనకు నవ్వు వచ్చింది. "ఏం చేయమంటావమ్మా, వానికి రెండు కుడి చేతులు పెట్టాల్నా?"

"దీపం తీసేయ్. కత్తి చాలు."

సోము అక్కడే ఉన్నాడు. "నాయనా, దాంట్లో వాని చెల్లెలుండాది. దీపం లేకుంటే వాడు వాడు కాదు" అన్నాడు. "చొక్కా మీద కథ ఎవరు చదువుతారప్పా" అంటూ నాయన బ్లేడు తీసుకుని లాంతరు మీది ఇంకును గీకేశాడు. ఖాళీ వేళ్లు మిగిలాయి, దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకుని.

చొక్కాలు బేళ్లు బేళ్లుగా పోయాయి. అవి అంగళ్లకు చేరే సమయానికే టీవీలో ఆ కథ రావడం మొదలైంది. పిల్లలందరికీ లాంతరు అబ్బాయి తెలిసిపోయాడు. ఒక మధ్యాహ్నం మేము బడి నుంచి వచ్చేసరికి తోపుడుబండ్లు సందులోకి ఎదురు వస్తున్నాయి. వాటి మీద మా చొక్కాలే. టోకు వ్యాపారి చెమట తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. "పిల్లోళ్లు చూసి నవ్వుతాండారప్పా. లాంతరు యాడ అంటాండారు. వీడు దొంగోడు, మావోడు కాదంట. నేనేం చేయల్ల?"

బేళ్లు మెట్ల మీద, నడవలో, అవ్వ మంచం కింద పేర్చారు. ఇంట్లో నడవడానికి చోటు లేదు. లాంతరు తీయించింది అవ్వ, తీసింది నాయన. ఆ సంగతి అందరికీ తెలుసు. అవ్వ బేళ్ల మధ్య కూర్చుని అంది. "పుర్రచేత్తో మొదలుపెట్టిన పని. ఇంకెట్ల అయితాది."

ఆమె అరవలేదు. తెలిసిన నిజాన్ని గుర్తుచేసినట్టు అంది. ఇందాకటిదాకా నేల చూపులు చూస్తున్న నాయన తల ఎత్తాడు. ఆయనకూ ఒక కారణం కావాలి కదా. అది ఆ చేతిలో దొరికింది. సోము బడి సంచీ ఇంకా దించలేదు. నాయన వాణ్ని కొట్టలేదు. ఆ ఎడమ చేతిని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వదిలేశాడు. మరునాటి నుంచి కట్టు అన్నం పూటకే కాక, బడి నుంచి వచ్చింది మొదలు పడుకునేదాకా ఉండిపోయింది. బడిలో కూడా చూసుకోమని పంతులమ్మకు చెప్పి వచ్చారు. పుస్తకాన్ని అవ్వ నీళ్ల కాగు కింద పెట్టింది. ముతక కాగితం బాగా మండింది. మేము ఆ నీళ్లే పోసుకున్నాం.

చేయి ఎప్పటికి మరిచిపోయిందో నాకు గుర్తు లేదు. ఒకరోజు కట్టు లేకుండానే వాడు కుడి చేత్తో తిన్నాడు. అవ్వ సందంతా చక్కెర పంచింది. వాడి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. పంతులమ్మ చదవలేక సున్నా వేసేది. బొమ్మ మళ్లీ గీయలేదు. హమాలీల కేకలు అనుకరించడం కూడా మానేశాడు. ఏదైనా అడిగితే తల ఊపేవాడు. "సోము ఎంత బుద్ధిమంతుడయ్యాడో" అని వచ్చినవాళ్లు అనేవాళ్లు. అంత ఇష్టంగా వాణ్ని పెంచినవాళ్ల మధ్యే వాడు అలా తగ్గిపోతుంటే, ఏ రోజూ ఎవరూ గమనించలేదు. అంగడి ఎలాగూ నిలవలేదు. అవ్వ పోయింది, నాయన కూడా పోయాడు. చొక్కాలు మాత్రం కత్తిరిస్తే మసిగుడ్డలయ్యాయి, మడిస్తే దిండ్లయ్యాయి, చుట్టాల పిల్లలకు పక్కగుడ్డలయ్యాయి.

ఇప్పుడు ఆ లాంతరు అబ్బాయి లేని చోటు లేదు. పెద్ద అంగళ్లలో గాజు బీరువాల్లో, కింద చిన్న దీపం పెట్టి నిలబెడుతున్నారు. పుస్తకాలు ఇంగ్లీషులో వస్తున్నాయి, జపానులో లాగే అటువైపు నుంచే తెరుచుకుంటాయి. వాడి బొమ్మ ఉన్న తాళంచెవి గొలుసులు, దుప్పట్లు, టిఫిను డబ్బాలు. అన్నిటిమీదా కుడి చేతిలో లాంతరు, ఎడమ చేతిలో కత్తి. ఆ రేఖను ఎవరూ ఒక వెంట్రుకంత కదిలించరు. ఫోనులోని ఆటలో ఎడమచేతివాటం వాళ్లకోసం వేరే అమరిక కూడా ఉంది. ఒకచోట నొక్కితే మీటలన్నీ అటు మారిపోతాయి. అంత సులభంగా ఉంది లోకం. చెంచా మాత్రం మా అమ్మ చేతిలో ఉంది.

సోము ఇప్పుడు చందాపురలో ఒక గోడౌనులో పనిచేస్తాడు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు బొమ్మలు, ఆటవస్తువులు పెట్టెల్లో సర్ది పంపే చోటు. పెళ్లి చేసుకోలేదు, ఒక గదిలో ఉంటాడు. మొన్న ఆదివారం తారను తీసుకుని వాడి దగ్గరికి వెళ్లాను. అమ్మకు నేను చెబితే ఎక్కదు, వాడు చెబితే వింటుంది. ఒక్క మాట, బిడ్డ చేతి జోలికి పోవద్దమ్మా అని వాడు ఫోనులో అంటే చాలు. అందుకే వెళ్లాను.

తార కోసం వాడు లాంతరు అబ్బాయి బొమ్మ ఒకటి తెచ్చిపెట్టాడు. డబ్బా నలిగితే పనివాళ్లకు ఇచ్చేస్తారట. "ఈ మధ్య వీనివే ఎక్కువ పోతాండాయక్కా. పెద్ద పెద్దోళ్లు కొంటాండారు" అన్నాడు. వాడి నోట అంత పొడుగు మాట విని ఎన్నాళ్లో అయింది. ఫోనులో తనూ ఆ ఆట ఆడతానన్నాడు. ఎడమచేతి అమరిక పెట్టుకోవచ్చు కదా అంటే, "ఇట్లే అలవాటైపాయె" అన్నాడు.

నేను వచ్చిన పని చెప్పాను. వాడు కిటికీ వైపు చూస్తూ విన్నాడు.

"నేనేం చెప్పల్లక్కా అమ్మకు?"

"నీకు జరిగింది చెప్పు."

"నాకేమైంది? బాగానే ఉండాను కదా. అందరి మాదిరే తింటాండాను, పని చేస్తాండాను." నా వైపు తిరిగి, "సుమ్నే, ఊరికే పెద్దది చేయద్దు. అమ్మ బాధపడతాది" అన్నాడు.

నేను ఇంటి నుంచి పప్పు, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు చేసి తెచ్చాను. తార డబ్బాలోంచి ఒకటి తీసి, దాన్ని రెండుగా చింపి, "మామా, నీకు పెద్దది" అంటూ చాచింది. ఎడమ చేత్తో.

వాడి చేయి లేవడం నేను చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. ఓళిగ ముక్క నేల మీద పడింది. తార మణికట్టు దగ్గర వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. వాడు కొట్టింది కుడి చేత్తో.

"నేను కొట్టలేదక్కా" అన్నాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది. "కొట్టినానా?"

తార ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది. కొత్త బొమ్మను చూసింది, మామను చూసింది. "మామా, వీణ్ని కూడా కొడతావా?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. వాడు కింద పడిన ముక్కను తీసి, ఊది, నోట్లో పెట్టుకుని, నమలకుండా కూర్చున్నాడు. తరవాత నీళ్లు తెస్తానని బయటికి వెళ్లాడు. చాలాసేపటిదాకా రాలేదు. వచ్చాక గుమ్మంలోనే నిలబడి, "అమ్మకు చెప్తాలే" అన్నాడు. ఆ సాయంత్రం చెప్పాడు కూడా. ఏం చెప్పాడో గానీ అమ్మ తన ఇంటి నుంచి నాకు ఫోను చేసి, "నీ బిడ్డ, నీ ఇష్టం పాపా. నేనింక ముట్టుకోను" అంది.

అంటే నేను అడిగింది నాకు దొరికింది. ఆ రాత్రి తార మణికట్టుకు మందు రాస్తూ, ఇక ఎవరూ రారు, ఈ చేయి దీనిదే అని నాలో నేను చెప్పుకున్నాను.

పొద్దున ఇడ్లీ పళ్లెం దాని ముందు పెట్టి చెంచా అందించాను. తీసుకోలేదు. నా ముఖంలోకి చూసింది.

"అమ్మా, ఏ చేయి?"

ఏదైనా సరే అని చెప్పాలి. నీ చేయి, నీకు ఏది వస్తే అది అని చెప్పాలి. మాటలు కూడదీసుకోవడానికి నాకు పట్టింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో అది ఎడమ చేతిని తొడ కిందకి దోపుకుని, కూర్చున్న చోటే కొద్దిగా ముందుకు వంగి, కుడి చేయి చాచింది.